రిపోర్టులో రాని నొప్పి

యైటింక్లయిన్ కాలనీలో ముత్యం పేరెత్తితే జనం రెండు సంగతులు చెప్పేవారు. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా కింద దిమ్మె నిలబెట్టడంలో అతన్ని మించిన సపోర్ట్‌మన్ ఆ షిఫ్టులో లేడన్నది మొదటిది. గడ్డపారతో పైకప్పును తట్టి, చప్పుడు విని, ఇక్కడ బండ వదులైందో లేదో చెప్పేవాడు. ఖాళీ కుండను తట్టినట్టు మోగితే ఎవరినీ అడుగు ముందుకు వేయనిచ్చేవాడు కాదు. రెండో సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. అంత పనిమంతుడు నాగాల మనిషి అయిపోయాడని, నెలలో పది రోజులు సిక్కు సెలవులోనే ఉంటాడని.

ఈ రెండింటి మధ్య జరిగింది ఒకే ఒక్క పూట. ముత్యం బిడ్డ హర్షిణి అప్పుడు ఆరో తరగతి. కమాన్‌పూర్ దిక్కు నుంచి డ్యూటీకి వచ్చే అంజి, ముత్యం ఒకే జట్టు. ఆ రోజు ఇద్దరూ సద్దులు తిన్నాక అంజి నీళ్ల క్యాను కోసం నాలుగడుగులు వేశాడు. బండ అతని మీదే కూలింది. మనిషి మొత్తం కింద ఉండిపోయాడు, ఒక్క చెయ్యి బయట ఉంది. పైనుంచి మనుషులు వచ్చేదాకా ముత్యం ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. మొదట ఆ చెయ్యి అతని వేళ్లను నొక్కింది. తర్వాత నొక్కలేదు.

విచారణ జరిగింది, ఎవరి తప్పూ లేదని తేలింది. నెల తిరగకుండానే ముత్యం మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. ల్యాంపు రూములో టోపీకి లైటు తగిలించుకునేదాకా బాగానే ఉన్నాడు. బాయి నోటి దగ్గరికి వచ్చేసరికి ఛాతీని ఎవరో రెండు చేతులతో పిండినట్టయింది. చెమటలు పట్టాయి, కాళ్లు తేలిపోయాయి. మోసుకొని దవాఖానకు తీసుకుపోయారు. గుండె పరీక్ష చేశారు. ఏం లేదన్నారు.

ఆ ఏం లేదన్న మాట పదేళ్లు అతని వెంట నడిచింది. ఎన్నిసార్లు నొప్పి వస్తే అన్నిసార్లు పరీక్ష, అన్నిసార్లు అదే మాట. ఒకరిద్దరు డాక్టర్లు విటమిన్ గోళీలు రాశారు. ఒకాయన మందు తగ్గించుకోమన్నాడు, ముత్యానికి అసలు తాగే అలవాటే లేదు. తోటి కార్మికులు కొందరు, డాక్టర్లతో అన్‌ఫిట్ రాయించుకుని ఇంట్లో కూర్చోవడానికి నాటకం ఆడుతున్నాడని అన్నారు. షిఫ్టు చూసే ఓవర్‌మన్ జగదీశ్వర్ అయితే అతని ముందే నవ్వేవాడు, ఏం ముత్యం, ఇయ్యాల గుండె ఏ షిఫ్టుకు పోయిందని. ముత్యం కూడా నవ్వేవాడు. వచ్చిన రోజు పని మాత్రం ఇద్దరి పని చేసేవాడు. ఏ రోజు దిగగలడో, ఏ రోజు దిగలేడో అతనికే తెలిసేది కాదు.

భార్య పూలమ్మ అంజనం వేయించింది, తాయెత్తు కట్టించింది, దర్గాకు కూడా తీసుకుపోయింది. భర్తది దొంగ నొప్పి అని ఎన్నడూ అనలేదు గానీ, అతను నొప్పి అన్నప్పుడల్లా ఆమె ముఖం వాడిపోయేది. అది చూడలేక ముత్యం ఆమెకు చెప్పడం మానేశాడు. అప్పటి నుంచి చెప్పుకునేది బిడ్డకే. సాయంత్రం క్వార్టర్ ముందు గద్దె మీద కూర్చుని, గిక్కడ బిడ్డా, అని హర్షిణి చెయ్యి తీసుకుని ఛాతీ మీద పెట్టుకునేవాడు. పిల్లకు గుండె చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా చాలాసేపు చెయ్యి తీసేది కాదు. పదో తరగతిలో ఎవరో ఏమవుతావని అడిగితే, మా బాపు నొప్పి ఏందో కనిపెడతా అంది. డాక్టర్ అనే మాట అప్పుడు ఆమె నోట రాలేదు.

మెడిసిన్‌లో సీటు వచ్చింది. కాలేజీ మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో, వేరే జిల్లాలో. మొదటి ఏడాది శవాలు, ఎముకల పేర్లతో గడిచిపోయింది. రెండో ఏడాది బ్యాచ్ అంతా తెల్లకోట్లు వేసుకుని జనరల్ మెడిసిన్ వార్డులోకి అడుగు పెట్టారు. అక్కడ హర్షిణి నేర్చుకున్న కొన్ని సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు.

మూడో మంచం మీద ఒక ముప్పై ఏళ్ల ఆవిడ ఉండేది. ఊపిరి ఆడడం లేదని, గుండెల్లో బండ పెట్టినట్టుందని వచ్చింది. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు కాగితాలు తిరగేసి ఫంక్షనల్ అన్నాడు. పక్కనున్న పీజీ డాక్టరు నవ్వాడు. ఆ మాటకు అర్థం హర్షిణికి అప్పుడు తెలియదు, ఆ నవ్వు మాత్రం తెలిసింది. మంచం మీది ఆవిడకు కూడా తెలిసింది. ఆమె కొంగు తీసి ముఖం మీద కప్పుకుంది.

హర్షిణి ఉండబట్టలేక అడిగింది. "రిపోర్టులు బాగున్నాయి సార్. కానీ ఆమెకు నొప్పి ఉన్నట్టే కదా?"

పెద్ద డాక్టరు ఆమె వైపు కొంచెం ముచ్చటగానే చూసి, ఈ అమ్మాయి సైకియాట్రీ తీసుకునేటట్టుందయ్యా అన్నాడు. బ్యాచ్ అంతా ఘొల్లుమంది. ఆయనకు ఎవరినీ నొప్పించాలని లేదు. అవతల ఇంకా నలభై మంచాలు ఉన్నాయి, నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆయన ముందుకు సాగిపోయాడు. హాస్టల్లో మాత్రం వారం రోజులు హర్షిణిని పిచ్చి మేడం అని పిలిచారు. రుత్విక్ అనే క్లాస్‌మేట్ ఆమె కనిపిస్తే చాలు ఛాతీ పట్టుకుని మంచం మీద పడిపోయేవాడు. మొదటి రెండు రోజులు ఆమెకు ఏడుపు వచ్చింది. మూడో రోజు నవ్వింది. నాలుగో రోజు నుంచి అలాంటి రోగి వస్తే మిగతావాళ్లకన్నా ముందే, రోగం ఒంట్లో లేదు మనసులోనే అనే ఆ ఫంక్షనల్ మాట అనడం నేర్చుకుంది. రిపోర్టులు బాగుండి బాధపడేవాళ్లు టైం తినేవాళ్లు, రిపోర్టులు చెడిపోయి బాధపడేవాళ్లు రోగులు. ఆరు నెలల్లో ఇది ఆమె ఒంట్లో ఇంకిపోయింది. ఎవరూ పాఠంగా చెప్పలేదు, పరీక్షలో ఎవరూ అడగలేదు. అందుకే అది నేర్చుకున్నట్టు కూడా ఆమెకు తెలియలేదు.

ఆ ఏడాది బతుకమ్మ సెలవులకు ఇంటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి, కిటికీ రెక్కలు గలగలమన్న కాసేపటికి, ముత్యం గోడకు ఆనుకుని జారిపోయాడు. చెమటలు కారుతున్నాయి. పూలమ్మ ఆటో కోసం పరుగెత్తబోయింది. హర్షిణి ఆపింది. నాడి చూసింది, ఛాతీకి స్టెతస్కోపు పెట్టింది. బిడ్డ అలా పెట్టడం అదే మొదటిసారి. అంత బాధలోనూ ముత్యం ముఖం వెలిగింది. పావుగంటకు నొప్పి తగ్గింది. మరునాడు కొత్తగా ఈసీజీ తీయించి, ఇన్నేళ్ల పాత కాగితాలన్నీ ముందు వేసుకుని చూసింది. తండ్రి ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఫలితాల కోసం బడిపిల్లాడు కూర్చున్నట్టు.

"బాపూ, అన్ని నార్మలే. నీకేం లేదు. ఉత్తగ మనసుల పెట్టుకుంటున్నవ్," అంది. అంతటితో ఆపినా బాగుండేది. "గిసోంటోళ్లు మా వార్డుకు రోజుకు పదిమంది వస్తరు."

ఆ చివరి మాటలో సన్నని నవ్వు ఉంది. అది పీజీ డాక్టరు నవ్వు. ముత్యం కాసేపు బిడ్డ ముఖంలోకి చూశాడు. తర్వాత తలూపాడు.

"గంతేనా బిడ్డా. అయితే మంచిదే," అన్నాడు.

ఆ రోజు నుంచి అతను హర్షిణికి నొప్పి సంగతి ఎత్తలేదు. ఫోన్లో ఎప్పుడు అడిగినా మంచిగున్న అనేవాడు. ఆమె నమ్మింది. నమ్మడం సుఖంగా కూడా ఉంది.

మూడో ఏడాదిలో సైకియాట్రీ పోస్టింగ్ పడింది, రెండు వారాలు. సీనియర్లు ముందే చెప్పారు, అవి సెలవుల లెక్క, సంతకం పెట్టి వచ్చి పడుకోవచ్చని. ఆ విభాగం దవాఖాన వెనక, మందుల గోదాము పక్కన చివరి గది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క పెద్ద డాక్టరు, సుమైరా మేడం. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. మొదటి రోజు బ్యాచ్ అంతా గోడకు ఆనుకుని ఫోన్లు చూస్తుంటే ఆమె ఏమీ అనలేదు. ఒక్కొక్కరిని ఒక్కో రోగి దగ్గర గంటసేపు కూర్చోమంది. పెన్ను, పుస్తకం తన బల్ల మీద పెట్టి పొమ్మంది. రోగం పేరు చెప్పక్కరలేదు, ఆయన ఏం చెప్పాడో అది చెబితే చాలంది.

హర్షిణికి నర్సింగం అనే బస్సు డ్రైవరు వచ్చాడు. మూడేళ్ల కింద అతని బస్సు కింద ఒక మనిషి పడ్డాడు. అడ్డంగా పరుగెత్తింది ఆ మనిషే, డ్రైవరు తప్పు లేదని అందరూ చెప్పారు. అయినా స్టీరింగు పట్టుకుంటే నర్సింగం ఛాతీ బిగుసుకుపోతుంది, అరచేతులు తడిసిపోతాయి. ప్లాస్టిక్ కవరులోంచి ఏడు ఈసీజీ కాగితాలు తీసి ఆమె ముందు పరిచాడు.

"ఏడుగురు డాక్టర్లు ఏం లేదన్నరు మేడం. ఏం లేకుంటే గిది ఏంది మరి? నేను అబద్ధమాడుతున్ననా?"

హర్షిణి ఆ ఏడు కాగితాలనూ వరుసగా పేర్చి అతని చేతికిచ్చింది. గంట అయ్యాక సుమైరా మేడం ముందు నిలబడి, ఏడుగురూ ఏం లేదన్నారట మేడం అని మాత్రమే అంది. మేడం మిగతావాళ్లను పంపించి కుర్చీ చూపించింది. హర్షిణి నర్సింగం గురించి మొదలుపెట్టి, తనకు తెలియకుండానే ముత్యం గురించి చెప్పింది. అంజి చెయ్యి గురించి చెప్పింది. బతుకమ్మ సెలవుల్లో తను అన్న మాట మాత్రం చెప్పలేదు.

మేడం అంతా విని, అది జబ్బేనని, దానికి పేరుందని, మందుందని, పదేళ్ల కిందే చూడాల్సిందని చెప్పింది. ఊపిరి మెల్లగా తీసి, ఇంకా మెల్లగా వదిలే పద్ధతి నేర్పింది. ఆ వారంలోనే ఒకనాడు క్లాసులో ఇంకో మాట చెప్పింది. మనసు జబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటు రాదని ఎవరూ రాసివ్వలేదని, అలాంటివాళ్ల నొప్పినే ఎక్కువసార్లు కొత్తగా చూడాలని. అందరితో పాటు హర్షిణి ఆ మాట రాసుకుంది.

ఆ శనివారమే ఇంటికి పోయింది. ముత్యం ఫస్టు షిఫ్టు చేసి వచ్చి స్నానం చేసి గద్దె మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని, అంజి కాక గురించి చెప్పు బాపూ అంది. ముత్యం మొదట మాట దాటేశాడు. మళ్లీ అడిగింది. చీకటి పడేదాకా చెప్పాడు. నీళ్ల క్యానుకు తనే పోవాల్సిందని, ఆ రోజు తన వంతని, లేవబుద్ధి కాక ఉత్తుత్తగా అంజిని పొమ్మన్నానని పదేళ్లలో మొదటిసారి బయటికి అన్నాడు. లోపల వంట చేస్తున్న పూలమ్మ పొయ్యి ఆర్పి, గడప దగ్గరికి వచ్చి వింటూ నిలబడిపోయింది.

"నేను ఆ రోజు తప్పు మాట్లాడిన బాపూ," అంది హర్షిణి. "నీకు ఏం లేదు అనద్దుండె. గిది జబ్బే. గుండెల మాత్రం ఏం లేదు, భయం చేసే జబ్బు. మా మేడం మంచిగ చేస్తది."

వచ్చే నెల సెలవు చూసుకుని వస్తానన్నాడు ముత్యం. ఊపిరి తీసే పద్ధతి నేర్పితే నాలుగు అంకెలు లెక్కపెట్టి తీసి, ఆరు అంకెలు లెక్కపెట్టి వదిలాడు. చిన్నపిల్లాడిలా రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా చేసి నవ్వాడు. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురూ చాలా రోజుల తర్వాత కలిసి కూర్చుని తిన్నారు. ఆదివారం రైలెక్కుతూ, తన బతుకులో ఒక తప్పు దిద్దుకున్నానని హర్షిణి అనుకుంది.

పదహారు రోజుల తర్వాత పొద్దున క్లాసులో ఉండగా ఫోను వచ్చింది. చేసింది పక్కింటి శోభ. హర్షిణి ఇల్లు చేరేసరికి ముత్యాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

గుండెపోటు. ఈసారి నిజంగా గుండెదే.

డ్యూటీకి పోయే జనం మోటర్ సైకిళ్లు ఆపుకుని వచ్చారు. జగదీశ్వర్ కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని పక్కకు పోయాడు. అంజి భార్య మల్లక్క కమాన్‌పూర్ నుంచి ఆటోలో వచ్చింది. ఆమె ఏడవలేదు, పూలమ్మను ఒళ్లోకి తీసుకుని అలాగే కూర్చుంది.

ఏం జరిగిందో హర్షిణికి పదకొండో రోజున తెలిసింది. చుట్టాలు భోజనాలు చేసి వెళ్లాక, అడగకుండానే పూలమ్మ చెప్పింది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. భర్త ఆఖరి గంటలు ఎలా గడిచాయో తలుచుకుంటోంది, అంతే.

"తెల్లారంగనే పట్టింది బిడ్డా. ఈసారి ఎడమ చెయ్యంత గుంజుతాంది, దవడ దాక వచ్చిందన్నడు. నేను జల్ది ఆటో తెస్తనంటే వద్దన్నడు. హర్షిణి చూసింది గద, గుండెల ఏం లేదని చెప్పింది, భయంతోనే గిట్లయితది, ఊపిరి లెక్కపెడితే తగ్గుతదన్నడు. గద్దె మీద కూసోని లెక్కపెట్టిండు. నేను సుత లెక్కపెట్టిన. ఎంత ధైర్నంగున్నడో బిడ్డా నువ్వు చెప్పినవని. వెనకటి లెక్క బుగులు పడలే."

హర్షిణి విస్తళ్లు ఎత్తుతూ వింది. చెయ్యి గుంజడం, దవడ. పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయో కూడా ఆమెకు తెలుసు. ఆ నొప్పికీ ఈ నొప్పికీ తేడా ఏమిటో తండ్రికి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మేడం చెప్పిన మాటల్లో సగమే ఇంటికి మోసుకువచ్చింది. మిగతా సగం నోటుపుస్తకంలో ఉండిపోయింది. మనసు అన్న మాట వినగానే శరీరాన్ని పక్కన పెట్టేయడం వార్డులో అంత బాగా నేర్చుకుంది మరి. క్షమాపణ అడిగిన రోజున కూడా ఆ అలవాటు ఆమె నోట్లోనే ఉంది.

తల్లికి ఏమీ చెప్పలేదు. కాలేజీకి తిరిగి వెళ్లి, నెల రోజులు వార్డులకు పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం గోదాము పక్క గదికి పోయి సుమైరా మేడంకు అంతా చెప్పింది, బతుకమ్మ సెలవుల్లో అన్న మాట దగ్గర నుంచి.

మేడం వెంటనే ఓదార్చలేదు. "ఆ మాట నీది కాదని నేను అనను. నీదే," అంది. "కానీ నీకు అది నేర్పింది మేమే. నేను ఈ చివరి గదిలో కూర్చుని ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. మొదటి ఏడాది పిల్లలు రోగి ఏడిస్తే ఏడుస్తారు. నాలుగో ఏడాదికి నవ్వుతారు. మధ్యలో ఏం చేశామో మేము ఎప్పుడూ రాసుకోలేదు," అంది.

ఆ మాటతో హర్షిణి బరువు తగ్గలేదు. కానీ ఆ బరువు పేరేమిటో తెలిసింది. మరునాటి నుంచి మళ్లీ వార్డులకు పోవడం మొదలుపెట్టింది. రుత్విక్ ఒకసారి అలవాటుగా ఛాతీ పట్టుకుని పడిపోబోయి, ఆమె ముఖం చూసి మధ్యలోనే ఆగిపోయాడు. తర్వాత ఒంటరిగా వచ్చి, నీ పక్కన నిలబడి కేసులు చూస్తానని అడిగాడు. ఆమె సరే అంది.

బొగ్గు కంపెనీ ముత్యం చోట పూలమ్మకు కొలువిచ్చింది. గని ఆఫీసు వరండాలు ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసే పని. యాభైకి దగ్గరపడుతున్న వయసులో ఆమె హాజరు మస్టరు వేయడం నేర్చుకుంది. ఇప్పుడు హర్షిణి హౌస్ సర్జన్. పీజీకి ఏం చదువుతావని కాలనీలో అందరూ అడుగుతారు. గుండె డాక్టరు అవుతుందని వాళ్ల ఆశ, తండ్రి అలా పోయాడు కాబట్టి. సైకియాట్రీ అని ఆమె చెబితే శోభ నోరు నొక్కుకుంది.

పూలమ్మ అడిగింది, "పిచ్చోళ్ల డాక్టరువా? మీ బాపుకు పిచ్చి లేకుండె గద."

అప్పుడు చెప్పింది హర్షిణి. మూడేళ్లుగా మోస్తున్నది మొత్తం చెప్పింది. ఆ నొప్పి వేరని, ఈ నొప్పి వేరని, ఆటో తెస్తే బతికేవాడేమోనని, ఆటో వద్దని అతనితో అనిపించింది తన మాటేనని. పూలమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు. మొత్తం ఏరాక చాట పక్కన పెట్టి, "గదేనా మీరక్కడ చదువుకున్నది?" అంది. లేచి చీర సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. హర్షిణి సాయంత్రం రైలెక్కేదాకా తల్లి ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఎనిమిది రోజులు ఫోను కూడా ఎత్తలేదు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లూ ఆమెకు ఆ ఎనిమిది రోజుల్లో మళ్లీ లెక్కకు వచ్చి ఉంటాయి, ఆటో కోసం పరుగెత్తబోయి ఆగిన తన కాళ్లతో సహా.

తొమ్మిదో రోజు తనే చేసింది. కుశలం అడగలేదు. శోభ భర్త సదయ్య నెల రోజులుగా డ్యూటీకి పోవడం లేదని, నిద్రపోడని, అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నాడని, తాగుబోతని జనం అంటున్నారని చెప్పింది.

"శనారం రా," అంది. "ముందుగాల గుండె గిట్ల అన్ని చూడు. మల్ల పక్కన కూసో. వాడు ఎంతసేపు చెప్తే గంతసేపు విను. నవ్వకు."

హర్షిణి సరేనంది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించాక, డ్యూటీ రిజిస్టరులో శనివారం సెలవు రాసి, రైలు టికెట్టు తీసుకుంది.